మోసం జరిగాక తొలి గంట: కొన్ని అపోహలు, వాస్తవాలు

విశాఖపట్నంలో వినియోగదారుల వివాదాలు, ఆర్థిక మోసాల కేసులు చూసే న్యాయవాదిని నేను. డబ్బు పోగొట్టుకుని నా దగ్గరికి వచ్చేవారిని మొదట అడిగే ప్రశ్న ఒకటే: సంగతి తెలిసిన ఎంతసేపటికి సైబర్ మోసాల సహాయవాణి 1930కి ఫోను చేశారు? జవాబు తరచుగా రోజుల లెక్కలోనే వస్తుంది. ఆ ఆలస్యం వెనుక మనసులో పాతుకుపోయిన కొన్ని నమ్మకాలు ఉంటాయి.

అపోహ: చదువు లేనివారు, అత్యాశాపరులే మోసపోతారు.

వాస్తవం: నా దగ్గరికి వచ్చినవారిలో ఆడిటర్లు ఉన్నారు, ముప్పయ్యేళ్లు లెక్కల విభాగంలో పనిచేసి రిటైరైనవారు ఉన్నారు. 'డిజిటల్ అరెస్ట్' పేరిట సాగే మోసానికి పెట్టుబడి భయమే. మీ పేరిట వచ్చిన పార్శిల్‌లో మత్తుమందులు దొరికాయని చెప్పి, వీడియో కాల్‌లో యూనిఫాం చూపించి, ఇంట్లోవారితో సైతం మాట్లాడనివ్వకుండా గదిలో కూర్చోబెట్టి, ఫిక్సెడ్ డిపాజిట్లు తీయించి పంపించుకుంటారు. వీడియో కాల్‌లో అరెస్టు చేసే పద్ధతి మన దేశంలోని ఏ చట్టంలోనూ లేదు. 2024 అక్టోబరు 27 నాటి 'మన్ కీ బాత్'లో ప్రధానమంత్రి స్వయంగా ఈ మాట చెప్పారు. అయినా నలుగురూ నవ్వుతారేమోనన్న బెరుకుతో బాధితులు వారం దాకా నోరు విప్పరు.

అపోహ: డబ్బు మన ఖాతాలోకి రావాలన్నా క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టాలి.

వాస్తవం: ఇది నౌకాదళం ఊరు కాబట్టి ఇక్కడి చిన్న వ్యాపారుల మీద ఈ వల బాగా పనిచేస్తుంది. మల్కాపురం వైపు క్యాటరింగ్ నడుపుకునే దంపతులకు ఒక మధ్యాహ్నం ఫోను వచ్చింది. నేవీ అధికారినని, యూనిట్‌లో కార్యక్రమం ఉందని హిందీలో చెప్పి, ఒకాయన డెబ్బై బిర్యానీలకు ఆర్డరిచ్చి, వాట్సాప్‌లో గుర్తింపు కార్డు ఫొటో కూడా పంపాడు. బిర్యానీ దమ్ మీద ఉండగా మళ్లీ ఫోను చేశాడు. తమ అకౌంట్స్ విభాగం పద్ధతి ప్రకారం ముందుగా మీ ఖాతా సరిచూడాలని, తాను పంపిన క్యూఆర్‌కు ఒక రూపాయి కొడితే రెండు రూపాయలు తిరిగి వస్తాయని అన్నాడు. నిజంగానే వచ్చాయి. తరువాత 14,000 రూపాయలకు మరో క్యూఆర్ పంపాడు. ఆ సొమ్ము తిరిగి రాకపోతే, సర్వర్ ఆగిందని, మళ్లీ కొడితే రెండూ కలిపి పడతాయని నమ్మించాడు. మూడుసార్లకు 42,000 రూపాయలు వెళ్లిపోయాయి. సాయంత్రం ఆరింటికి డెబ్బై పొట్లాలు బల్ల మీద చల్లారిపోతుంటే, అవతలి ఫోను స్విచ్ఛాఫ్‌లో ఉంది.

ఆ రెండు రూపాయలే ఎర. యూపీఐ పిన్ మన ఖాతాలోంచి డబ్బు బయటికి పంపడానికి; రావలసిన డబ్బుకు పిన్ అక్కర్లేదు, స్కానూ అక్కర్లేదు. నిజంగా కొనేవాడైతే దుకాణంలోని మీ క్యూఆర్‌కే అడ్వాన్సు వేస్తాడు.

అపోహ: కొన్నవారు ఫోనులో 'చెల్లింపు పూర్తయింది' అని చూపిస్తే చాలు.

వాస్తవం: ఆ తెరను తయారుచేసే నకిలీ యాప్‌లు ఉన్నాయి. పూర్ణా మార్కెట్ రద్దీలో ఉన్నా సరే, మీ సౌండ్‌బాక్స్ పలకాలి, లేదా మీ ఖాతాలో జమ కనబడాలి. గోడ మీది క్యూఆర్‌పై ఎవరైనా రాత్రికి రాత్రే మరో స్టిక్కరు అంటించారేమో కూడా పొద్దున్నే ఒకసారి చూసుకోవాలి.

అపోహ: ముందు ఎఫ్‌ఐఆర్ నమోదు కావాలి, ఏం చేసినా పోయిన డబ్బు ఎలాగూ రాదు.

వాస్తవం: మొదట చేయవలసింది 1930కి ఫోను, ఆ వెంటనే బ్యాంకుకు ఫిర్యాదు. 1930లో నమోదైన ఫిర్యాదు డబ్బు చేరిన బ్యాంకుకు వెళుతుంది. ఆ ఖాతాలో సొమ్ము ఇంకా ఉంటే కదలకుండా ఆపుతారు, మరో ఖాతాకు వెళ్లి ఉంటే అక్కడి దాకా వెంబడిస్తారు. మోసగాళ్లు ఇతరుల దగ్గర అద్దెకు తీసుకున్న ఖాతాల గుండా నిమిషాల్లో సొమ్ము దాటించేస్తారు కాబట్టి లావాదేవీ సమయం, మొత్తం, ఆ లావాదేవీని గుర్తించే పన్నెండంకెల యూటీఆర్ నంబరు చేతిలో పెట్టుకుని మాట్లాడాలి. పైన చెప్పిన దంపతులు నాలుగో రోజున ఫోను చేశారు. అప్పటికి ఆపగలిగింది 1,100 రూపాయలు.

బ్యాంకుల బాధ్యతపై రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తర్వు చాలామందికి తెలియదు. దాని ప్రకారం తప్పు బ్యాంకుదీ మనదీ కాక మూడో పక్షానిదైనప్పుడు, లావాదేవీ గురించి బ్యాంకు నుంచి మనకు సమాచారం అందిన మూడు పనిదినాలలోగా బ్యాంకుకు తెలియజేస్తే నష్టం మన మీద పడదు; నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే మామూలు పొదుపు ఖాతాకు మన వాటా 10,000 రూపాయలు మించదు. పిన్ లేదా ఓటీపీ మనమే ఇచ్చి ఉంటే, తెలియజేసే దాకా జరిగిన నష్టం మనదే, తెలియజేసిన తరువాతిది బ్యాంకుది. అంటే తప్పు మనదైన చోట కూడా గడియారం ముఖ్యమే.

అపోహ: వ్యాపారికి వినియోగదారుల కమిషన్‌లో చోటు లేదు, పైగా లాయరు లేకుండా పని జరగదు.

వాస్తవం: 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వాణిజ్య అవసరానికి కొన్నవారిని మినహాయించినా, స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్నవారిని మినహాయించలేదు. టిఫిన్ దుకాణం నడుపుకునే ఆవిడ కొన్న గ్రైండరు పనిచేయకపోతే ఆవిడ వినియోగదారే. అమ్మిన కంపెనీ ఏ ఊరిదైనా, తాను ఉంటున్న జిల్లాలోనే రెండేళ్లలోగా ఫిర్యాదు చేయవచ్చు; కొన్న విలువ 5 లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు. పేరూ ఊరూ తెలియని మోసగాడి మీద అక్కడ కేసు నడవదు గాని, చెప్పినా పట్టించుకోని బ్యాంకు సేవాలోపం మీద నడుస్తుంది. ఇక లాయరు సంగతి, మా వృత్తివారికి రుచించకపోయినా చెప్పాలి: ఫిర్యాదీ తన కాగితాలతో తానే వాదించుకోవచ్చు. బిల్లు, వాట్సాప్ సంభాషణ, బ్యాంకుకు రాసిన ఉత్తరం తేదీల వరుసలో పెట్టుకుని వచ్చినవారికి చాలాసార్లు నేను చేయవలసిన పని పెద్దగా ఉండదు.