ట్యూబ్‌లైటు కింద కలిసిన రంగు

మా మావయ్యకి ఎనభైల నాటి అంబాసిడర్ ఒకటుంది. కొంచెం బూడిద కలిసినట్టుండే లేత ఆకుపచ్చ. ఎడమ పక్క ముందు మడ్‌గార్డు తుప్పు పట్టి చిల్లులు పడితే (బీచ్ రోడ్డుకి రెండు వీధుల అవతల బండి పెట్టుకుంటే తుప్పు పట్టక ఏమవుతుంది) ఆటోనగర్‌లో ఒక షెడ్డులో కొత్త రేకు వేయించి రంగు కొట్టించాడు. సాయంత్రం ట్యూబ్‌లైటు కింద చూస్తే తేడా ఎక్కడుందో నాకే తెలియలేదు. మర్నాడు పొద్దున ఆర్కే బీచ్ దగ్గర ఎండలో ఆపితే మడ్‌గార్డు ఒక్కటీ పచ్చి మామిడికాయలా ఉంది, మిగతా బండి వాడిన తమలపాకులా ఉంది.

"ఏటయిందిరా నిన్న నా కళ్ళకి?" అన్నాడు మావయ్య.

కళ్ళకేం కాలేదు. మన కంట్లో రంగు పట్టే కణాలు మూడు రకాలే. రేకు మీంచి వచ్చే వెలుగులో ఎన్ని తరంగదైర్ఘ్యాలున్నా కన్ను వాటన్నిటినీ మూడు అంకెల కింద కుదించేస్తుంది, అంచేత వేర్వేరు పిగ్మెంట్లతో (అంటే పెయింటుకి రంగునిచ్చే పొడులతో) కలిపిన రెండు రంగులు ఒక దీపం కింద అవే మూడు అంకెలు ఇచ్చి, దీపం మారగానే విడిపోవచ్చు. దీన్ని మెటామెరిజం అంటారు. ట్యూబ్‌లైటు వెలుగు కొన్ని తరంగదైర్ఘ్యాల దగ్గరే గుట్టలుగా ఉంటుంది, ఎండలో అయితే అన్నీ పరుచుకుని ఉంటాయి. బ్లౌజు పీసు మ్యాచింగ్ చూసేటప్పుడు మా అమ్మ గుడ్డ పట్టుకుని షాపు గుమ్మం దాకా వచ్చేది ఇందుకే.

పాత బళ్ళతో ఈ తంటా ఎక్కువ. ఒకప్పుడు పసుపు, ఆకుపచ్చ పెయింట్లలో లెడ్ క్రోమేట్ బాగా వాడేవారు. సీసం విషం కాబట్టి తర్వాత దాని బదులు ఆర్గానిక్ పిగ్మెంట్లు వచ్చాయి. పాత షేడ్ పేరు దొరికినా, పాత సరుకు డబ్బాలో ఉండదు. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది, ఫ్యాక్టరీని అడిగే దారీ లేదు.

పైగా బండి మీద ఇప్పుడున్నది ఆనాటి రంగు కాదు. లేత రంగుల్లో ఉండే టైటానియం డయాక్సైడ్ అనే తెల్ల పిగ్మెంటు మీద ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడేకొద్దీ దాన్ని పట్టుకుని ఉంచే జిగురు పొర పాడై, పైన సుద్దపొడిలా తేలుతుంది. చేత్తో రాస్తే తెల్లగా అంటుకునేది అదే. అసలు రంగు చూడాలంటే డిక్కీ మ్యాట్ కింద, డోర్ ప్యాడ్ వెనక చూడాలి. మావయ్య "ఒరిజినలే కావాలి" అని పట్టుబట్టాడు గానీ, నన్నడిగితే బండి మొత్తం కొట్టించేటప్పుడే ఆ పంతం. ఒక్క మడ్‌గార్డుకైతే పక్క డోరుని కాంపౌండుతో (పాత పెయింటుని మెరుగుపెట్టే పేస్టు) రుద్ది, సుద్ద పోయాక తేలిన రంగుకే కలపాలి.

రెండోసారి అలాగే చేశాం. తడి రంగు ఆరితే మారుతుంది కాబట్టి మూడు రేకు ముక్కల మీద అదే స్ప్రే గన్‌తో, అన్ని కోట్లూ కొట్టి, ఆరాక డోరుకి ఆనించి ఎండలోనూ నీడలోనూ చూశాం. ఒకటి ముసురు రోజు కొట్టాం, అది పాలిపోయింది. థిన్నర్ గబగబా ఆవిరైతే పెయింటు ఉపరితలం చల్లబడి, విశాఖ గాలిలోని తేమ దాని మీద పట్టేస్తుంది. చివరికి కుదిరిన షేడ్‌ని కూడా మడ్‌గార్డు అంచు దగ్గర ఆపకుండా, డోరు మీదికి పల్చగా లాగాడు పెయింటర్.

ఎండలో ఇప్పుడు తేడా కనపడదు. రాత్రిపూట పెట్రోల్ బంకులో మాత్రం మావయ్య ఎడమ పక్క గోడ వైపు వచ్చేలా ఆపుతాడు.