పేస్ బౌలర్ నడుములో ఎముక ఎందుకు చిట్లుతుంది?

కుడిచేతి పేస్ బౌలర్ బంతి వదలబోతూ ఎడమ కాలిని క్రీజు దగ్గర గట్టిగా మోపినప్పుడు, ఆ కాలి మీద పడే తాకిడి అతని శరీర బరువుకు ఐదారు రెట్లు ఉంటుంది. మోకాలు, తుంటి, కటి వలయం దాటి ఆ తాకిడి నడుము పూసలకు చేరే సమయానికి, నడుము వెనక్కి వాలి, ఎడమ పక్కకు ఒరిగి, మెలితిరుగుతూ ఉంటుంది.

నడుములో ఉన్న ఐదు పూసల్లో ప్రతి దానికీ వెనుక వైపు, పై కీలును కింది కీలుతో కలిపే సన్నని ఎముక వంతెన ఒక్కో పక్కన ఒకటి ఉంటుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఒక దశలో తెగిపోయినట్టే, వేల బంతుల ఒత్తిడికి ఈ వంతెన కూడా అలసిపోతుంది. మొదట ఎముక లోపల నీరు చేరుతుంది, తరువాత సన్నని బీట పడుతుంది, అప్పటికీ ఆట ఆపకపోతే పూర్తిగా విరుగుతుంది. దీనినే స్పాండిలోలైసిస్ అంటారు. కుడిచేతి బౌలర్లలో ఇది ఎక్కువగా ఎడమ వైపునే కనిపించడానికి కారణం ఆ ఒరుగుడే.

పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలకు ముప్పు మరీ ఎక్కువ. ఎముక ముందు పొడవు పెరుగుతుంది, ఖనిజాలు నిండి గట్టిపడడం కొన్ని నెలలు వెనకబడుతుంది. కండరాలు కూడా ఆ వేగాన్ని అందుకోలేక బిగుసుకుంటాయి. తుంటి ముందున్న కండరం ఒకటి నేరుగా నడుము పూసల నుంచే మొదలవుతుంది కనుక, అది బిగిస్తే కటి వలయం ముందుకు వంగి, నడుము గుంత లోతై, వెనుకనున్న ఆ వంతెనల మీద భారం పెరుగుతుంది. పిల్లవాణ్ణి ఎడమ కాలి మీద నిలబెట్టి మోకాలు కొద్దిగా వంచమనండి. కుడి తుంటి కిందికి జారితే ఎడమ పిరుదు పక్క కండరం బలహీనంగా ఉండవచ్చు. బంతి వేసేటప్పుడు అతనికి ఆధారం ఆ కాలే.

అలాగని వెన్ను గీత గీసినట్టు ఉండాలనుకోవడం పొరపాటు. 2009లో 9.58 సెకన్లలో వంద మీటర్లు పరుగెత్తిన ఉసేన్ బోల్ట్‌కు వెన్ను పక్కకు వంగే స్కోలియోసిస్ ఉంది. నా దృష్టిలో వంకర కన్నా, ఎదిగే ఎముక మీద ఎంత భారం ఎంత తరచుగా పడుతోందన్నదే అసలు ప్రశ్న.

ఆస్ట్రేలియా బౌలర్ డెనిస్ లిల్లీ 1973లో వెస్టిండీస్ పర్యటనలో వెన్ను ఎముకలు చిట్లి, నడుముకు ప్లాస్టర్ కట్టుతో వారాలు గడిపి, 1974-75 యాషెస్‌కు తిరిగివచ్చాడు. 1987 నుంచి 2012 వరకు చెన్నైలోని ఎంఆర్ఎఫ్ పేస్ ఫౌండేషన్‌లో మన కుర్రాళ్లకు బౌలింగ్ నేర్పింది ఆయనే. జస్ప్రీత్ బుమ్రాకు 2019లో నడుము ఎముక చిట్లింది, 2023లో వెన్నుకు శస్త్రచికిత్స జరిగింది.

ఎదిగే బౌలర్ నడుములో ఒక పక్కన నొప్పి ఉండి, వెనక్కి వంగితే అది పెరుగుతూ ఉంటే, "నడుము పట్టేసింది" అని నూనె రాసి మళ్లీ మైదానానికి పంపకూడదు. తొలి దశలో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు, ఎంఆర్ఐలో తెలుస్తుంది. అప్పుడే పట్టుకుంటే కొన్ని నెలల విశ్రాంతితో ఎముక చాలావరకు అతుక్కుంటుంది. బడి జట్టుకు, అకాడమీకి, ఆదివారం టెన్నిస్ బంతి మ్యాచ్‌కు ఒకే కుర్రవాడు బౌలింగ్ చేస్తుంటే ఏ కోచ్‌కూ మొత్తం లెక్క తెలియదు. నెట్స్‌లో వేసిన బంతులతో సహా ఆ లెక్కను ఇంట్లో ఎవరో ఒకరు నోటు పుస్తకంలో రాసి, ముగ్గురికీ చూపించాలి.