గొంతు ఒక మెత్తటి సక్షన్ పైపు

మొన్న పశ్చిమ గోదావరి జిల్లా ఉండి నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేసి, "అన్నయ్యా, నాన్న గురక పెడుతూ పెడుతూ ఒక్కసారి ఆగిపోతున్నారు, చప్పుడే ఉండదు, కాసేపటికి ఉలిక్కిపడి గట్టిగా ఊపిరి లాగుతున్నారు, గుండెల మీద ఏదో కూర్చుంటోందని అమ్మ తాయెత్తు కట్టించింది" అన్నాడు. గురక పెడితే మంచి నిద్ర పట్టినట్టే అనేది ఇంకో నమ్మకం, నాకు అస్సలు నచ్చనిది.

ఇది స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగడం. ఊపిరి ఆగడం గానీ బాగా తగ్గిపోవడం గానీ కనీసం 10 సెకన్లు ఉంటే ఒకటి కింద లెక్క, అలా గంటకి 30 వస్తే తీవ్రంగా ఉన్నట్టు.

చెరువుకి నీళ్ళు తోడే ఇంజన్ చూశారు కదా. కాలవలోకి దించే సక్షన్ పైపు గట్టిగా ఉంటుంది, చెరువులోకి వదిలే డెలివరీ పైపు మాత్రం మెత్తటిది, చాపలా చుట్టి భుజాన వేసుకుపోవచ్చు. ఆ మెత్తదాన్ని సక్షన్ వైపు తగిలిస్తే ఏమవుతుంది? ఇంజన్ లాగగానే రెండు పొరలూ అతుక్కుపోతాయి, ఎంత లాగితే అంత బిగుసుకుంటాయి, చుక్క నీరు రాదు.

మన గొంతు సరిగ్గా అదే. కింద శ్వాసనాళానికి మృదులాస్థి చుట్లు ఉన్నాయి, అది గట్టి పైపు. ముక్కు వెనక నుంచి స్వరపేటిక దాకా ఉన్న ముక్కకి మాత్రం ఏ చుట్టూ లేదు, కండరాలే తెరిచి పట్టుకోవాలి. ముఖ్యంగా నాలుకని ముందుకి లాగి ఉంచే కండరం. నిద్రలో అది వదులవుతుంది, మందు తాగి పడుకుంటే ఇంకా వదులవుతుంది, వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారుతుంది, సిగరెట్ వల్ల లోపలి పొర వాస్తుంది.

ఇక బరువు. మెడ చుట్టూ కొవ్వు చేరడం అంటే మెత్తటి పైపు మీద బురద పోసినట్టు. నాలుకలో కూడా కొవ్వు పడుతుంది! నాకు భలే ఆశ్చర్యం వేసింది మాత్రం పొట్ట విషయంలో, పొట్ట పెరిగితే పడుకున్నప్పుడు డయాఫ్రమ్ (పొట్టకీ ఛాతీకీ మధ్య ఉండే కండరం) పైకి నెట్టుకొచ్చి ఊపిరితిత్తులు చిన్నవవుతాయి, దాంతో గొంతుని కిందకి సాగదీసి ఉంచే లాగుడు తగ్గిపోతుంది, సాగదీసిన పైపు కన్నా వదులుగా వేలాడే పైపు తొందరగా మూసుకుంటుంది కదా. బాగా ముదిరినవాళ్ళ గొంతు నిద్రలో ఊపిరి లోపలికి లాగకపోయినా మామూలు గాలి ఒత్తిడి దగ్గరే మూసుకుపోతుంది.

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు పరిశోధకులు 2000లో ప్రచురించిన లెక్క ఇది, బరువు 10 శాతం పెరిగితే ఈ ఆగడాలు సుమారు 32 శాతం పెరిగాయి, 10 శాతం తగ్గితే సుమారు 26 శాతం తగ్గాయి. 90 కిలోల మనిషికి 9 కిలోలు. సన్నగా ఉన్నవాళ్ళకి రాదని కాదు, దవడ చిన్నదైనా టాన్సిల్స్ పెద్దవైనా వస్తుంది.

రోజంతా కూర్చుంటే కాళ్ళలో చేరిన నీరు పడుకోగానే మెడ వైపు పాకుతుంది, అందుకే నడక బరువు తగ్గకపోయినా కొంత పనిచేస్తుంది.

దీనికి వాడే సీపాప్ మిషన్ 1981లో సిడ్నీలో కాలిన్ సల్లివన్ తెచ్చింది, అది ముక్కులోంచి గాలి నెట్టి మెత్తటి పైపుని ఉబ్బించి ఉంచుతుంది, అంటే సక్షన్ పైపుని డెలివరీ పైపు చేసేసింది!

మా బాబాయి తెల్లారుగట్ల 3 గంటలకి లేచి రొయ్యల చెరువులో డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, ఎంతుందో చూసుకుని నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు వేయిస్తారు. ఆయన రక్తంలో ఆక్సిజన్ రాత్రి ఎంతకి పడుతోందో ఇంతవరకు ఎవరూ చూడలేదు. ముందు నిద్రపోయేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసి ఊపిరితిత్తుల డాక్టర్‌కి చూపించమన్నాను, నిద్రలో ఊపిరినీ ఆక్సిజన్‌నీ కొలిచే స్లీప్ స్టడీ రాస్తారు. పక్కకి తిరిగి పడుకోమను, ఆదివారం మందు మానిపించు అని కూడా చెప్పాను. తాయెత్తు ఉంచుకోమను, పిన్ని మనసు కష్టపెట్టొద్దు.