వేరు ఎక్కడికి పోయింది?

పర్లాకిమిడిలో మా ఇంటి అరుగు మీద కూర్చుని మా నాన్న పక్కింటాయనతో ఏదో అప్పు సంగతి మాట్లాడుతూ "పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం లెండి" అన్నాడు. అంతే, ఆ రాత్రి మా ఆరేళ్ళ పిల్ల అన్నం ముట్టలేదు. కింది ముందుపన్ను కదులుతోందని అప్పటికే వారం నుంచి నోరు బిగించుకుని తిరుగుతోంది, పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలని మేమనుకోవడం కూడా చెవిన పడింది, ఇక ఆ డాక్టరు చేతిలో ఉండేది రాయేనని ఖాయం చేసేసుకుంది. అరగంట బతిమాలితే గానీ అసలు విషయం బయటికి రాలేదు.

మా టెన్షన్ వేరు. కదిలే పన్ను ఇంకా ఊడనే లేదు, దాని వెనక నాలుక వైపు ఇంకో పన్ను పొడుచుకొచ్చేసింది. మా అమ్మ టార్చి వేసి చూసి "ఇదేటే, రెండు వరసలొచ్చేస్తన్నాయి!" అంది. శ్రీకాకుళమా, బరంపురమా అని కాసేపు వాదులాడుకుని, చివరికి ఊళ్ళోనే ఉన్న ఒక ఒడియా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం.

ఆవిడ ముందు నోరు తెరవమనలేదు. చిన్న అద్దం తీసి పిల్ల బొటనవేలి గోరు మీద ఆనించి చల్లగా ఉందా అని అడిగింది. తర్వాత ఈ అద్దంతో నీ పళ్ళు లెక్కపెడతాను అంది, ఆ తర్వాతే లెక్కపెట్టింది. ఎకొ, దుయి, తిని... మావాళ్ళది ఒడియా బడి కాబట్టి పిల్ల కూడా వేళ్ళు మడుస్తూ కూర్చుంది. ముందు చెప్పడం, తర్వాత చూపడం, ఆ తర్వాతే చేయడం అనే ఈ పద్ధతిని 1959లో అడెల్‌స్టన్ అనే దంతవైద్యుడు రాసి పెట్టాడు, పిల్లల వైద్యంలో ఇప్పటికీ ఇదే మొదటి పాఠం. భయపడే పిల్లకి నొప్పి కన్నా ముందు కష్టంగా ఉండేది తర్వాత ఏం జరుగుతుందో తెలియకపోవడం. మనమేమో "ఏం కాదు, ఏం కాదు" అంటాం. ఏం కానప్పుడు ఇన్నిసార్లు ఎందుకు చెబుతున్నారని పిల్ల అనుకోదా?

లెక్క 23 వచ్చింది. పాలపళ్ళు 20 కదా, మరి మిగతా మూడు? ఒకటి ఆ వెనక వరస పన్ను. కింది శాశ్వత ముందుపళ్ళు తయారయ్యేదే పాలపళ్ళకు కాస్త లోపలగా, నాలుక వైపు, అందుకని ఇలా రావడం మామూలేనట. పాత పన్ను తప్పుకుంటే నాలుకే కొత్తదాన్ని మెల్లగా ముందుకు నెడుతుంది. మిగతా రెండూ కింది దవడకి అటూ ఇటూ చిట్టచివర, ఏ పన్నూ ఊడకుండానే కొత్తగా వచ్చిన దవడ పళ్ళు. ఆరేళ్ళ ప్రాంతంలో చప్పుడు లేకుండా వచ్చే ఇవి పాలపళ్ళు కావు, జన్మంతా ఉండాల్సినవి. ఇక్కడ నాకు కడుపు మండింది, ఎందుకంటే చిన్నప్పుడు నాకు సరిగ్గా ఆ పన్నే పుచ్చితే "పాలపన్నేలే, మళ్ళీ వస్తుంది" అని పీకించేశారు, నలభై దాటినా ఆ సందు అలాగే ఉంది.

పిల్ల అడిగిన ప్రశ్న మాత్రం ఇంకోటి: చెట్టుకి వేరుంటుంది కదా, పన్నుకీ ఉంటుందా, ఉంటే పీకినప్పుడు అదంతా బయటికొస్తుందా? డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి చూపించింది. పాలపన్నుకి వేరు దాదాపు లేదు! కింద శాశ్వత పన్ను ఎదుగుతూ పైకి వచ్చే క్రమంలో, ఎముకని కరిగించే కణాల్లాంటివే కొన్ని పాలపన్ను వేరు దగ్గర చేరి, ఆమ్లం, ఎంజైములు వదులుతూ దాన్ని కొద్దికొద్దిగా తినేస్తాయి. ఇది ఒక్కరోజు పని కాదు, నెలలూ ఏళ్ళూ పడుతుంది, మధ్యలో ఆగుతుంది కూడా, అందుకే ఒక వారం ఊగిన పన్ను మరుసటి వారం గట్టిగా అనిపిస్తుంది. చివరికి చిగుళ్ళ పట్టు మాత్రం మిగులుతుంది. అంటే పెద్ద పనంతా పిల్లకి తెలియకుండానే అయిపోయింది. ఆ మాట చెప్పగానే నోరు కాస్త వదులైంది. కింద వచ్చే పన్నే లేకపోతే కొందరికి పాలపన్ను పెద్దయ్యాక కూడా ఏళ్ళ తరబడి ఉండిపోతుంది.

అసలు మార్చుకోవడం ఎందుకు, ఉన్న పళ్ళే పెరగొచ్చుగా? పెరగలేవు. పన్ను పైన తెల్లటి పింగాణీ పూతని కట్టే కణాలు, పన్ను బయటికొచ్చే వేళకి అంతరించిపోతాయి, దాని కొలత ఇక అంతే. దవడేమో పెరుగుతూనే ఉంటుంది. అందుకని చిన్న దవడకి చిన్న సెట్టు, పెద్ద దవడకి 32 పళ్ళ సెట్టు.

డాక్టరమ్మ పన్ను పీకలేదు. నాలుకతో ఆడిస్తూ ఉండమని, ఊడకపోతే కొన్ని వారాల్లో మళ్ళీ రమ్మని పంపింది. పదకొండో రోజు జంతిక కొరుకుతుంటే ఊడింది. కాస్త రక్తం, గుడ్డ ముక్క పెట్టి కరిచి పట్టుకోమంటే ఆగిపోయింది.

ఇక ఊడిన పన్ను పంచాయితీ. పేడలో పెట్టి ఇంటి మీదికి విసరాలని మా అమ్మ. ఎలుక కన్నంలో వేసి "ముసా, నీ పన్నియ్యి" అనాలని పక్కింటి ఒడియా మామ్మ. ఎలుకని అడగడంలో తెలివి ఉంది మరి, దాని ముందుపళ్ళు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. మూడో దారి నేను చెప్పాను. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలో 1958 నుంచి పిల్లల పాలపళ్ళు పోగుచేశారు, మొత్తం 3 లక్షల పైచిలుకు. అణుబాంబు పరీక్షల బూడిదలోని స్ట్రాన్షియం-90 అనే రేడియోధార్మిక పదార్థం అచ్చం కాల్షియంలాగే పాలల్లోంచి పళ్ళలోకి చేరుతుంది. పరీక్షలు పెరిగేకొద్దీ పుట్టిన పిల్లల పళ్ళలో అది పెరుగుతూ వచ్చిందని తేలింది. 1963లో గాలిలో, అంతరిక్షంలో, నీటి అడుగున అణుపరీక్షలు ఆపే ఒప్పందం కుదరడానికి జనంలో లేచిన ఆందోళనకి ఈ పళ్ళూ బలమిచ్చాయి. పన్నిచ్చిన పిల్లలకి "సైన్సుకి నా పన్నిచ్చాను" అని బ్యాడ్జీ కూడా ఇచ్చేవారు.

బ్యాడ్జీ లేదన్నాక మావాళ్ళు ఇంటికప్పే ఎంచుకున్నారు. ఇప్పుడు పెంకులెక్కడివి, స్లాబు కదా, విసిరిన పన్ను వాటర్ ట్యాంకు పక్కన టక్కుమని పడింది. మర్నాడు బడికెళ్ళే ముందు మేడెక్కి దాన్ని వెతికి తెచ్చి, తిరగేసి చూపించి "నాన్నా, నిజంగానే వేరు లేదు" అంది.