సులుకి కూతురుంది కదా, గే ఎలా అవుతాడు? క్లినిక్‌లో వినే అపోహలు, వాస్తవాలు

స్టార్ ట్రెక్ అనే అమెరికన్ అంతరిక్ష కథల సీరియల్, సినిమాలు చూసేవాళ్లకి ఈ గొడవ పాతదే. 2016లో వచ్చిన 'స్టార్ ట్రెక్ బియాండ్'లో, అంతరిక్ష ఓడని నడిపే హికారు సులుకి ఒక భర్త, ఒక చిన్న కూతురు ఉన్నట్టు చూపించారు. అప్పట్నుంచీ ఏదో ఒక ఫ్యాన్ గ్రూపులో, ఎవరికీ నిద్రపట్టని టైంలో, ఆ వాదన మళ్లీ లేస్తూనే ఉంటుంది. దూరదర్శన్‌లో ఆ సీరియల్లోని స్పాక్ పాత్ర చెవులు చూస్తూ పెరిగిన బాపతు కాబట్టి నేనూ ఆ గ్రూపుల్లో ఉంటాను. పగలు మాత్రం హైదరాబాద్‌లో, నల్లకుంట వైపు, కౌన్సెలింగ్ చేస్తాను. రాత్రి గ్రూపులో చదివిన వాదనే పొద్దున ఒక తండ్రి నోట, సులు పేరు ఒక్కటి తప్ప అక్షరం పొల్లుపోకుండా వినాల్సి వస్తోంది. ఎన్నిసార్లని నోటితో చెప్పను, ఇక రాసి పెడితే లింకు పంపొచ్చు కదా అని ఇది. క్లినిక్‌కి వచ్చినవాళ్ల గుర్తులన్నీ మార్చేశాను, ఎవరూ ఇందులో తమను వెతుక్కోవద్దు.

అపోహ: కూతురుంది కాబట్టి గే కాదు. పెళ్లి చేస్తే అన్నీ అవే సర్దుకుంటాయి.

ముందు సులు సంగతి. 1994 నాటి 'జెనరేషన్స్' సినిమాలో ఎంటర్‌ప్రైజ్-బి ఓడని నడిపే అమ్మాయి పేరు డెమోరా సులు, మన సులు కూతురు. ఆ మాట విని కెప్టెన్ కర్క్ కూడా ఆశ్చర్యపోతాడు, వీడికి సంసారం చేసే తీరిక ఎప్పుడు దొరికిందా అని. అంతే, ఫ్యాన్స్ కేసు కొట్టేశారు: కూతురుందంటే భార్య ఉంది, భార్య ఉందంటే ఆడవాళ్లంటే ఇష్టం, ఇంకేం కావాలి అని. ఆ సినిమాలో డెమోరా తల్లి కనిపించదు, ఆవిడ పేరు కూడా వినిపించదు. ఇంకో సాక్ష్యం అడిగితే 1966 ఎపిసోడ్ ఒకటి చూపిస్తారు, అందులో సులు చొక్కా విప్పేసి కత్తి పట్టుకుని తోటి అధికారిణి ఉహూరా వెంటపడతాడు. అదీ ఏదో వింత రోగం తగిలి ఒళ్లు తెలియని స్థితిలో! మరుసటి ఏడాది ఉహూరా మీద చెయ్యి వేయబోయేది అసలు మన సులునే కాదు, అద్దం అవతలి విశ్వంలో ఉండే దుర్మార్గపు సులు. ఒకడు స్పృహలో లేడు, ఇంకొకడు మనవాడే కాదు. ఇదీ వీళ్ల దగ్గరున్న రుజువు.

దీని మీద నవ్వుకుని వదిలేయొచ్చు, ఎందుకంటే సులు కల్పిత మనిషి, అతనికి పోయేదేం లేదు. కానీ ఇదే లాజిక్‌తో మా ఊళ్లో పెళ్లిళ్లు చేస్తున్నారు. "మా పెద్దనాన్న కొడుకూ ఇలాగే ఉండేవాడు సార్, పెళ్లయ్యాక ఇద్దరు పిల్లలు, ఇప్పుడు బానే ఉన్నాడు" అంటారు. బానే ఉన్నాడని మీకెవరు చెప్పారు? ఆయన్ని అడిగారా? పోనీ ఆవిడని అడిగారా? పిల్లలు పుట్టడం అనేది శరీరాలకి సంబంధించిన పని, మనసు ఎవరి మీదకి పోతుందనేది పూర్తిగా వేరే సంగతి, ఒకటి జరిగింది కాబట్టి రెండోది మారిపోయిందని అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు.

ఒక కుటుంబం వచ్చింది కూకట్‌పల్లి వైపు నుంచి. అబ్బాయికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంట్లో చెప్పేశాడు, అమ్మాయిల మీద తనకి ఆ భావం రాదని, చిన్నప్పట్నుంచీ అంతేనని, చాలా మర్యాదగా, ఏడవకుండా చెప్పాడు. అప్పటికే నిశ్చితార్థం అయిపోయింది. పెళ్లి ఆపండి అన్నాను. తండ్రి అన్న మొదటి మాట, "ఫంక్షన్ హాల్‌కి అడ్వాన్స్ ఇచ్చేశాం సార్." అడ్వాన్స్ పోతే పోనివ్వండి అన్నాను. మళ్లీ రాలేదు. చాలా నెలల తర్వాత ఒక అమ్మాయి ఒక్కతే వచ్చింది, తన భర్త గతంలో నా దగ్గరికి వచ్చి వెళ్లాడని కూడా ఆమెకి తెలియదు, ఎవరో స్నేహితురాలు చెబితే వచ్చింది, నాకు కూడా మాటల్లో కొంతదూరం పోయాకే అర్థమైంది. ఆమె అడిగిన ప్రశ్న: "నాలో ఏం లోపం ఉంది సార్?" బరువు తగ్గింది, పార్లర్లకి తిరిగింది, అత్తగారు పిల్లలు లేరని సాధిస్తుంటే గైనకాలజిస్ట్ దగ్గరికి కూడా వెళ్లి పరీక్షలన్నీ చేయించుకుంది. ఆ ఇంట్లో అందరికీ తెలుసు, ఆమెకి తప్ప. భర్త చెడ్డవాడు కాదు, ఆ విషయం ఆమే చెప్పింది, పక్క గదిలో పడుకుని రాత్రంతా దగ్గుతున్నట్టు నటిస్తూ ఏడుస్తాడట. నా దగ్గర విన్నది ఆమెకి చెప్పే హక్కు నాకు లేదు. అతన్ని కూడా తీసుకురమ్మని మాత్రం అన్నాను, వచ్చాడు, ఆ గదిలో అతని నోటితోనే ఆమెకి చెప్పాడు. ఆమెకి ముందు కోపం రాలేదు. "అంటే నాలో ఏమీ లేదన్నమాట" అంది.

అందుకే ఈ ఒక్క విషయంలో నేను మొహమాటపడను. మీ అబ్బాయో అమ్మాయో నోరు తెరిచి చెప్పాక, సంబంధాలు చూడటం ఆ రోజే ఆపండి. మ్యాట్రిమొనీ ప్రొఫైల్ తీసేయండి. మీకు జీర్ణం కావడానికి ఎంత టైం కావాలంటే అంత తీసుకోండి, కానీ ఆ టైంలో ఇంకొకరి పిల్లని తెచ్చి మధ్యలో పెట్టకండి. అసలు విషయం దాచి పెళ్లి చేస్తే దాన్ని మోసం కింద రద్దు చేయమని అవతలివాళ్లు కోర్టుకి వెళ్లే దారి హిందూ వివాహ చట్టంలో ఉంది, అది కూడా తెలిసుండాలి. పరువు కోసం చేసిన పెళ్లి, చివరికి ఫ్యామిలీ కోర్టు వరండాలో తేలుతుంది.

అపోహ: ముందు మామూలుగానే ఉన్నాడు, మధ్యలో ఎవరో మార్చేశారు.

ఫ్యాన్స్‌కి ఇక్కడ నిజంగానే ఒక మంచి ప్రశ్న ఉంది. 2009లో మొదలైన కొత్త సినిమాల కథ ప్రకారం, భవిష్యత్తు నుంచి వచ్చిన నీరో అనేవాడు 2233లో కెల్విన్ అనే ఓడని నాశనం చేయడంతో కాలం రెండు పాయలుగా చీలింది. సరే, దానివల్ల కర్క్ తండ్రి పోయాడు, కర్క్ జీవితం మారింది. కానీ ఎక్కడో ఓడ పేలితే సులుకి ఎవరంటే ఇష్టమో ఎందుకు మారుతుంది? దీనికి 'బియాండ్' రచయితల్లో ఒకరైన సైమన్ పెగ్, చీలిక ముందుకే కాదు వెనక్కి కూడా ప్రభావం చూపిస్తుందని ఏదో వివరణ ఇచ్చాడు. నాకైతే అది అతికించినట్టుంటుంది. పాత సీరియల్లో సులు సొంత జీవితం మనకి దాదాపు చూపించనే లేదు, చూపించనిదాన్ని మార్చారని ఎందుకు ఒప్పుకోవాలి?

క్లినిక్‌కి వచ్చే ప్రతి తల్లీ తండ్రీ అదే నీరో కోసం వెతుకుతుంటారు. ఇంటర్ హాస్టల్లో రూమ్మేటా? ఆ జిమ్ ఫ్రెండా? ఫోనా? వెతికి వెతికి చివరికి చాలామంది తల్లులు తమ దగ్గరే ఆగిపోతారు. ఒకావిడ పర్సులోంచి ఫోటో తీసి బల్ల మీద పెట్టింది. యాదగిరిగుట్టలో పుట్టువెంట్రుకలు తీయించేముందు పిల్లాడికి జడ వేసి, పూలు పెట్టి, గౌను తొడిగి తీయించిన ఫోటో. "ఇదేనేమో సార్ తప్పు" అని ఆవిడ వణుకుతోంది. అమ్మా, అలాంటి ఫోటో తెలుగువాళ్లలో సగం మంది మగవాళ్లకి ఉంటుంది, మా ఇంట్లో నాదీ ఉంది, నెత్తిన చామంతులతో. పెంపకం వల్ల ఇలా అవుతారని ఏ పరిశోధనా తేల్చలేదు, ఫలానా ఒక్క కారణం అని కూడా సైన్స్ చూపించలేదు. బలవంతంగా మార్చబోతే మారరని, పైగా డిప్రెషన్‌లోకి, ఆత్మహత్య ఆలోచనల్లోకి నెడుతుందని మాత్రం బాగా తెలుసు. చిన్నప్పుడు పిల్లాడి మీద ఎవరైనా అఘాయిత్యం చేశారేమో అన్న భయం ఉంటే అది చాలా పెద్ద విషయం, దానికి విడిగా సాయం కావాలి, కానీ దీనికి కారణం అదేనని ముడిపెట్టకండి.

అపోహ: అసలు సులు వేసిన నటుడే, తను గే అయ్యుండి కూడా, దీన్ని వ్యతిరేకించాడు. ఇంకేం మాట్లాడతారు?

సగం వార్త ఫార్వర్డ్ చేయడంలో మనవాళ్లని మించినవాళ్లు లేరు. జార్జ్ టకేయ్ వద్దన్నమాట నిజమే, దురదృష్టం అని కూడా అన్నాడు. కానీ ఆయన వద్దన్నది గే పాత్రని కాదు. కొత్త పాత్రని సృష్టించండి, స్టార్ ట్రెక్ సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ అనుకున్న సులుని మార్చకండి అన్నాడు. పాతికేళ్ల కుర్రాడిగా కాదు, 2005లో, అరవై ఎనిమిదేళ్ల వయసులో బహిరంగంగా తన సంగతి చెప్పుకున్న మనిషి ఆయన. 2008లో బ్రాడ్ ఆల్ట్‌మన్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఉద్యోగం పోతుందన్న భయంతో దశాబ్దాలు నోరు మూసుకుని బతికాడు, కాబట్టి సులు ఇన్నాళ్లూ దాచుకుని బతికాడన్న అర్థం వస్తుందేమోనని ఆయనకి గుచ్చుకుని ఉంటే నాకు అర్థమవుతుంది. పెగ్ జవాబు వేరే: కొత్తగా ఒకణ్ని తెస్తే జనానికి వాడు 'ఆ గే పాత్ర'గానే గుర్తుంటాడు, ముందే తెలిసిన మనిషి అయితే అలా కాదు. కొత్త సినిమాల్లో స్పాక్ వేసిన జాకరీ క్విన్టో, ఆయనా గేనే, టకేయ్ మాటలకి నిరాశపడ్డానని చెప్పాడు.

ఫ్యాన్‌గా నేను టకేయ్ వైపు కొంత మొగ్గుతాను. కౌన్సెలర్‌గా మాత్రం పెగ్ చెప్పిందే రోజూ కళ్లారా చూస్తున్నాను. ఇళ్లల్లో కొత్త పాత్ర ఎవరూ రారు కదా, ఇరవై ఏళ్లుగా టిఫిన్ పెట్టిన పిల్లాడే ఒకరోజు వచ్చి చెబుతాడు. వాడికి ఉప్మా నచ్చదని, క్రికెట్ ఓడిపోతే అన్నం తినడని, వాళ్ల నాయనమ్మ పోయినప్పుడు వాడే అందరికన్నా ఎక్కువ ఏడ్చాడని తెలిసిన అమ్మ, ఈ ఒక్క మాటతో వాడెవడో తెలియనట్టు చూస్తుంది. మొదటి సిట్టింగ్‌లో నేను ఆ అమ్మతో ఉప్మా గురించే మాట్లాడిస్తాను.

మిగతా అపోహలు గబగబా.

సినిమాల్లో చూసి పిల్లలు అలా అయిపోతారు. ఆ సినిమాలో ఉన్నది కొన్ని క్షణాలు: సులు యార్క్‌టౌన్ స్టేషన్‌లో దిగుతాడు, పాపని ఎత్తుకుంటాడు, భర్త నడుం చుట్టూ చెయ్యి వేసి నడుస్తాడు. ముద్దు ఒకటి తీశారు కానీ ఎడిటింగ్‌లో వాళ్లే తీసేశారని ఈ సినిమాలో సులు వేసిన జాన్ చోనే చెప్పాడు, మన సెన్సార్‌కి ఏ సంబంధమూ లేదు. (ఆ భర్త వేషం వేసింది సినిమా రచయితల్లో ఒకడైన డగ్ జంగ్.) చూస్తే అయిపోయేదే నిజమైతే, 1937లో పుట్టిన టకేయ్ అలాంటి పాత్రలు తెర మీద కనబడని కాలంలో పెరిగాడు, ఆయన్ని ఏ సినిమా మార్చింది? జీవితమంతా మగా ఆడా ప్రేమకథలే చూసి పెరిగిన మా క్లయింట్లు ఎందుకు మారలేదు?

మందుంది, హార్మోన్ ఇంజెక్షన్ ఉంది, కరెంట్ ట్రీట్‌మెంట్ ఉంది. లేదు. రోగమే కానిదానికి మందేమిటి? అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973లోనే జబ్బుల జాబితాలోంచి తీసేసింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తీసేసింది. 2021లో మద్రాసు హైకోర్టు గట్టిగా చెప్పాక, మార్చేస్తామని చికిత్స చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో ప్రకటించింది. ఎవరైనా ప్యాకేజీ చెబితే రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, సైకియాట్రిస్ట్ అయితే మెడికల్ కౌన్సిల్‌ది, క్లినికల్ సైకాలజిస్ట్ అయితే ఆర్‌సీఐది (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా). తర్వాత అదే ప్యాకేజీని లెటర్‌హెడ్ మీద రాసివ్వమనండి. రాసివ్వరు.

పోలీసులు పట్టుకుంటారు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఐపీసీ సెక్షన్ 377 సంగతి తేల్చేసింది, పెద్దవాళ్లు ఇష్టపడి కలిసుంటే నేరం కాదు. పెళ్లికి చట్టబద్ధత మాత్రం ఇంకా లేదు, 2023 అక్టోబర్‌లో కోర్టు ఒప్పుకోలేదు. ఆ కేసు వేసిన సుప్రియో, అభయ్ జంట మన హైదరాబాద్‌వాళ్లే.

ఫీజు మేం కడుతున్నాం కదా, లోపల ఏం చెప్పాడో మాకు చెప్పాలి. చెప్పను. పద్దెనిమిది దాటినవాళ్లు చెప్పింది గోప్యంగా ఉంచడం 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం వాళ్ల హక్కు. ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే అప్పుడు చెబుతాను, ఆ మినహాయింపు సంగతి అబ్బాయికి మొదటిరోజే చెప్పేస్తాను. మీకు మీ భయాలుంటే మీ కోసం విడిగా టైం తీసుకోండి, చాలామంది తండ్రులు ఒంటరిగా వచ్చినప్పుడే మాట్లాడగలుగుతారు. ఎవరి దగ్గరికీ వెళ్లలేని పరిస్థితైతే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబర్ 14416కి చేయండి. డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, రాత్రి రెండింటికైనా ఎత్తుతారు.