లినక్స్‌లో సర్వీసులు ఆపేస్తే సిస్టమ్ పరిగెడుతుందా? అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడిలో మాది చిన్న కంప్యూటర్ రిపేరు షాపు. పాతపట్నం నుంచి వచ్చేవాళ్లు "అన్నా" అంటారు, గుమ్మ, మోహన వైపు నుంచి దిగేవాళ్లు "భాయినా" అంటారు, తెచ్చే మిషను మాత్రం ఇద్దరిదీ ఒకటే: పదేళ్ల నాటి డెస్క్‌టాప్, 4 జీబీ ర్యామ్, గిర్రున తిరిగే పాత హార్డ్ డిస్కు, విండోస్ మొయ్యలేకపోతోందని ఎవరో లినక్స్ రకాల్లో మింటో ఉబుంటూనో ఎక్కించి ఇచ్చినది. వీళ్లలో సగంమంది నా దగ్గరకు వచ్చేలోపే ఏదో వీడియో చూసి పది పన్నెండు సర్వీసులు, అంటే తెర వెనక నడిచే చిన్న ప్రోగ్రాములు, కట్టేసి ఉంటారు. వాటిని వెతికి మళ్లీ లేపడం మా షాపులో ఒక పనే అయిపోయింది, అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఎన్ని సర్వీసులు నడుస్తుంటే సిస్టమ్ అంత స్లో.

లిస్టులో "రన్నింగ్" అని ఉన్నంత మాత్రాన అది పని చేస్తోందని అనుకోకండి. మా నౌపడ-గుణుపురం లైన్లో గేటు దగ్గర మనిషి రోజంతా డ్యూటీలోనే ఉంటాడు, కానీ లేచేది బండి వచ్చినప్పుడే. సర్వీసులూ అంతే. బ్లూటూత్ సర్వీసు, ప్రింటర్ చూసుకునే కప్స్, ఇవన్నీ ఎవరైనా పిలిచేదాకా పడుకునే ఉంటాయి. టెర్మినల్‌లో టాప్ కమాండ్ కొట్టి చూడండి, వాటి ఎదురుగా సీపీయూ సున్నా ఉంటుంది. మెమొరీ కూడా ఒక్కోటి కొన్ని ఎంబీలే తింటుంది, మీరు తెరిచిపెట్టిన బ్రౌజర్‌లో ఒక్క బరువైన ట్యాబ్ వీటన్నిటినీ కలిపి మింగేస్తుంది.

మెమొరీ లెక్క చూపే ఫ్రీ కమాండ్‌లో "ఫ్రీ" అనే గడి చిన్నగా కనిపించిందని కంగారుపడేవాళ్లూ ఉన్నారు. చూడాల్సింది "అవైలబుల్" అనే గడి. ఖాళీగా ఉన్న ర్యామ్‌ని లినక్స్ డిస్కు కాషేకి (చదివిన ఫైళ్లని చేతికందేలా దాచుకోవడానికి) వాడుకుంటుంది, అవసరం పడితే తిరిగి ఇచ్చేస్తుంది.

మరి నిజంగా పని చేసి మిషన్ని కూలబెట్టేవి లేవా అంటే ఉన్నాయి, కానీ అవి వేరు. ఒకటి ఫైళ్లని వెతకడానికి ఇండెక్స్ తయారుచేసేది, గ్నోమ్ డెస్క్‌టాప్‌లో ట్రాకర్ (కొత్త వెర్షన్లలో దాని పేరు లోకల్‌సెర్చ్), కేడీఈ డెస్క్‌టాప్‌లో బాలూ. పాత హార్డ్ డిస్కు మీద వేల ఫోటోలు ఉంటే ఇది గంటల తరబడి గీకుతూనే ఉంటుంది. దీన్ని సెట్టింగ్స్‌లోంచే ఆపొచ్చు. రెండోది అప్‌డేట్లు తెచ్చే పనిని వేళకి లేపే ఏపీటీ టైమర్, దీని సంగతి చాలామందికి తెలీదు. ఉబుంటులో అప్‌గ్రేడ్ టైమర్ పొద్దున్న 6 గంటలకి పెట్టి ఉంటుంది, ఆ తర్వాత గంటలోపు ఎప్పుడైనా లేస్తుంది. ఆ టైముకి షాపు మూసి మిషను ఆఫ్‌లో ఉంటుంది కదా, అందుకని తప్పిపోయిన ఆ పనిని మీరు తొమ్మిదింటికి స్విచ్చి వేశాక గంటలోపు ఎప్పుడో మొదలెడుతుంది. సరిగ్గా అప్పుడే ముందు నలుగురు కస్టమర్లు నిలబడి ఉంటారు, డిస్కు లైటు ఆరకుండా వెలుగుతుంది, మీరు లినక్స్‌ని తిడతారు. దీనికి మందు టైమర్‌ని చంపేయడం కాదు, సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోతాయి. సర్వీసులనీ టైమర్లనీ నడిపించే సిస్టమ్‌సీటీఎల్ కమాండ్‌కి ఎడిట్ అని ఇచ్చి ఆ టైమర్ తెరిచి, ఆన్‌క్యాలెండర్ అనే లైను ముందు ఖాళీగా ఒకసారి రాసి, దాని కిందే మధ్యాహ్నం రెండు (14:00) అని మళ్లీ రాయండి. ఖాళీ లైను మరిచిపోతే పాత టైమూ కొత్త టైమూ రెండూ ఉండిపోతాయి. రెండింటికి భోజనానికి వెళ్లినప్పుడు అదీ తన పని చూసుకుంటుంది.

అపోహ: డిజేబుల్ కొడితే ఇక అది లేవదు.

ఇక్కడే అందరూ బోల్తా పడతారు. సిస్టమ్‌సీటీఎల్‌కి ఇచ్చే మాటల్లో స్టాప్ అంటే ఇప్పటికి ఆపు, రీబూట్ అయితే మళ్లీ వస్తుంది. డిజేబుల్ అంటే బూటింగ్‌లో దాన్ని తనంతట తాను లేపకు అని మాత్రమే, ఇప్పుడు నడుస్తున్నదాన్ని అది ఆపదు, వేరే ఎవరైనా పిలిస్తే రావొద్దనీ చెప్పదు. కప్స్ సర్వీసుని డిజేబుల్ చేసి, రేపొద్దున్న చూస్తే నడుస్తోందని ఒక కుర్రాడు "అన్నా, వైరస్సా?" అని అడిగాడు. వైరస్సూ లేదు పాడూ లేదు, కప్స్‌కి సర్వీసుతో పాటు ఒక సాకెట్ (పిలుపు వింటూ ఉండేది), ఒక పాత్ యూనిట్ (ఫైలు కనబడితే లేపేది) కూడా ఉంటాయి. ప్రింట్ డైలాగ్ తెరిస్తే చాలు, సాకెట్ తలుపు తట్టి సర్వీసుని లేపుతుంది. ఆపాలంటే మూడిటినీ కలిపి ఆపాలి. ఇంకొన్నిటిని డీబస్ (ప్రోగ్రాములు ఒకదాన్నొకటి పిలుచుకునే దారి) లేపుతుంది, కొన్నిటిని టైమర్లు లేపుతాయి. ఏం చేసినా లేవకూడదంటే మాస్క్ ఉంది, అది ఆ యూనిట్ పేరుని డెవ్ నల్ అనే ఉత్త శూన్యానికి ముడిపెట్టేస్తుంది. మొండి తాళం అది, పక్కాగా తెలిసినప్పుడే వెయ్యాలి.

అపోహ: సిస్టమ్‌డి అనలైజ్ బ్లేమ్ లిస్టులో పైన ఉన్నదే దొంగ.

సిస్టమ్‌డి అంటే బూటింగ్‌లో సర్వీసులన్నిటినీ లేపే పెద్ద, ఈ లిస్టు ఇచ్చేది దాని కమాండే. ఆ లిస్టు చెప్పేది ఏ యూనిట్ (సర్వీసో, సాకెట్టో, టైమరో) లేవడానికి ఎంతసేపు పట్టిందనే. చాలావరకు అవన్నీ ఒకేసారి పక్కపక్కన లేస్తుంటాయి కాబట్టి సెకన్లు కూడి లాభం లేదు. నిజంగా ఎవరి కోసం ఎవరు ఆగారో క్రిటికల్ చైన్ అనే ఇంకో కమాండ్ చూపిస్తుంది. లిస్టులో పైన తరచూ కనబడే నెట్‌వర్క్‌మేనేజర్ వెయిట్ ఆన్‌లైన్ పని నెట్టు వచ్చేదాకా కాపు కాయడమే. బూటింగ్‌లోనే నెట్టు అవసరమైన సర్వీసులు, నెట్‌వర్క్ ఫోల్డర్లు మీకు లేకపోతే దాన్ని నిక్షేపంగా డిజేబుల్ చేసుకోవచ్చు. చేశాక డెస్క్‌టాప్ ఏదో ఎగిరొస్తుందని మాత్రం ఆశపడకండి. తిరిగే డిస్కు తీసి ఎస్ఎస్‌డీ పెట్టండి, తేడా అప్పుడు చూద్దురు గాని.

అపోహ: పేరు అర్థం కాలేదంటే మనకి అక్కర్లేనిదే.

మోడెమ్‌మేనేజర్ అని చూసి "మోడెమ్‌లు పోయి ఎన్నాళ్లయింది" అని తీసేస్తారు. కొండ మీది ఊళ్లలో కేబుల్ రాదు, అక్కడ నెట్టంటే యూఎస్‌బీ డాంగిల్. సిమ్ పెట్టే డాంగిల్ చాలావరకు ఈ మోడెమ్‌మేనేజర్ ఉంటేనే పలుకుతుంది. అదే, డాంగిల్ లేనివాళ్లు, ఆర్డుయినో ఎలక్ట్రానిక్ బోర్డులతో ఆడుకునేవాళ్లు తీసేస్తే మంచిదే, బోర్డు పెట్టగానే అది మోడెమేమో అని తడిమి చిరాకు పెడుతుంది. నెట్‌వర్క్‌లో ప్రింటర్లని వెతికిపెట్టే అవాహీ అనేదాన్ని కూడా ఊరికే పీకేస్తారు, తర్వాత డ్రైవర్ లేకుండా నడిచే కొత్త ప్రింటర్ లిస్టులోంచి మాయమైపోతుంది. భాషల టైపింగ్ చూసుకునే ఐబస్ పేరుతో నాలుగైదు ప్రాసెస్‌లు కనబడి ఇదేదో అనుమానంగా ఉందని ఆపేసిన జిరాక్స్ షాపు బాబాయ్ ఒకాయన ఉన్నాడు, మర్నాడు అఫిడవిట్ టైపు చెయ్యబోతే తెలుగూ రాలేదు, ఒడియా రాలేదు, ఇంగ్లీషు ఒక్కటే మిగిలింది. సిస్టమ్‌డి రిజాల్వ్‌డ్ జోలికి అసలు పోవద్దు, ఉబుంటులో వెబ్‌సైట్ పేర్లని వెతికే పని దాని మీదే నడుస్తుంది.

అన్నిటికన్నా నన్ను తిప్పలు పెట్టింది గడియారాన్ని నెట్టుతో సరిచూసే టైమ్‌సింక్‌డి. కాశీనగర్ నుంచి నెట్ సెంటర్ నడిపే ఆయన ఒక సీపీయూ ఆటోలో వేసుకొచ్చాడు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఏ సైటు తెరిచినా "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని ఎర్ర పేజీ. రౌటర్ మార్చాడట, బ్రౌజర్ మళ్లీ వేశాడట, నెట్టు కంపెనీ వాళ్లతో గొడవ కూడా పెట్టుకున్నాడట. నేనూ ఒక అరగంట డీఎన్ఎస్ అనీ ఫైర్‌వాల్ అనీ తవ్వాను. చివరికి మా ఆవిడ టీ తెచ్చి స్క్రీన్ మూల చూసి "ఇదేటి, తేదీ రెండేళ్ల కిందటిది చూపిస్తోంది?" అంది. అంతే. మదర్‌బోర్డు మీద సీఎంఓఎస్ సెల్లు చచ్చిపోయింది, కరెంటు పోతే గడియారం వెనక్కి పోతోంది. సిస్టమ్‌డి తను తయారైన నాటి కన్నా వెనక తేదీని ఒప్పుకోదు కాబట్టి బయోస్ ఎంత పాత తేదీ చెప్పినా ఆ రెండేళ్ల దగ్గర ఆగింది. ఆ తేదీకి సైట్ల ఇప్పటి సర్టిఫికెట్లు (గుర్తింపు కార్డుల్లాంటివి) ఇంకా పుట్టనే లేదు, బ్రౌజర్ ఎలా నమ్ముతుంది? టైమ్‌సింక్‌డి నడుస్తుంటే నెట్టు రాగానే టైము తెచ్చుకుని సర్దేసేది, సెల్లు పోయిన సంగతే బయటపడేది కాదు. దాన్ని ఆయనే "గడియారానికి సర్వీసెందుకు" అని ఆపాడు. సీఆర్ 2032 సెల్లు ఒకటి వేసి, సర్వీసు ఎనేబుల్ చేసి పంపించాను.

అపోహ: సర్వీసులు ఆపడం ఎప్పుడూ దండగే.

అదీ తప్పే. వేగం కోసమైతే దండగ, భద్రత కోసమైతే చాలాసార్లు కరెక్టు. 2024 సెప్టెంబరులో, నెట్‌వర్క్‌లో ప్రింటర్లని వెతికే కప్స్ బ్రౌజ్‌డ్‌లో లొసుగు బయటపడింది. అది యూడీపీ 631 అనే నెట్‌వర్క్ పోర్టు మీద ఎవరేం చెప్పినా నమ్మి కొత్త ప్రింటర్ని చేర్చుకునేది. అలా చేరిన దొంగ ప్రింటర్‌కి మీరు ప్రింట్ ఇస్తే అవతలివాడి కోడ్ మీ మిషన్లో నడిచే వీలుండేది. ప్యాచ్‌లు వచ్చేశాయి, కానీ నెట్‌వర్క్ ప్రింటర్ లేనివాళ్లకి ఆ బ్రౌజ్‌డ్ ఎందుకు? నేను మాస్కే చేసేస్తాను. ఎస్ఎస్ కమాండ్‌కి టీయూఎల్‌పీఎన్ ఆప్షన్ ఇచ్చి అడ్మిన్ హక్కులిచ్చే సుడోతో కొడితే బయటకి చెవి పెట్టుకుని కూర్చున్నవి తేలిపోతాయి, మొదట అనుమానించాల్సింది వాటినే. 127తో మొదలయ్యే అడ్రస్ మీద ఉన్నవి మీ మిషన్ లోపలివే.

అపోహ: తప్పు సర్వీసు ఆపి స్క్రీన్ నల్లబడిందంటే మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యాల్సిందే.

అక్కర్లేదు. బూటింగ్ మొదట్లో వచ్చే గ్రబ్ మెనూలో ఇంగ్లీషు e అక్షరం నొక్కి, లినక్స్ అని మొదలయ్యే లైను చివర సిస్టమ్‌డి డాట్ యూనిట్ ఈక్వల్స్ రెస్క్యూ డాట్ టార్గెట్ అని చేర్చి, కంట్రోల్ ఎక్స్ కొట్టండి. నల్ల స్క్రీన్ మీదే రూట్ ప్రాంప్ట్ వస్తుంది, అక్కడ అన్‌మాస్క్, ఎనేబుల్ కొట్టి రీబూట్ చేస్తే సరి. ఏమేం ఆపారో గుర్తుండాలి కదా, అందుకే మా షాపులో ఆపిన ప్రతి సర్వీసు పేరూ స్కెచ్ పెన్నుతో రాసి సీపీయూ పక్క డబ్బా లోపలివైపు అతికిస్తాను.