కాలేజీ కుర్రాళ్లను తూచే విద్య: ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ వెనుక కథ

ఐపీఎల్ వేలం చూసే అలవాటున్న మనకు అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఏటా కొత్త ఆటగాళ్లను పంచే డ్రాఫ్ట్ మొదట్లో వింతగా అనిపిస్తుంది. అక్కడ పాట పాడటం ఉండదు. క్రితం సీజన్‌లో అట్టడుగున ఉన్న జట్టుకు మొదటి వంతు, ఛాంపియన్‌కు చివరి వంతు. వంతు వచ్చిన జట్టు కాలేజీ ఆటగాళ్లలో ఒకరి పేరు చెబుతుంది. ఆ తర్వాత అతను లీగ్‌లో ఇంకో జట్టుతో బేరమాడటానికి వీల్లేదు. ఏడు రౌండ్లు, 32 జట్లు, రెండు వందల యాభైకి పైగా పేర్లు. ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ల కుర్రాడు రేపు ప్రొఫెషనల్ ఆటలో ఏమవుతాడో ఈరోజే చెప్పాలి. ఎంత డబ్బు పోసినా, ఎన్ని కొలతలు తీసినా ఈ అంచనా తప్పుతూనే ఉంది. ఎందుకు తప్పుతోందో తెలియాలంటే ఈ పద్ధతి ఎలా పుట్టిందో చూడాలి.

ఇది ఆటగాళ్ల మేలు కోరి పుట్టింది కాదు. 1935లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం స్టార్ స్టాన్ కోస్ట్కా కోసం జట్లు పోటీపడ్డాయి. ఫిలడెల్ఫియా ఈగిల్స్ యజమాని బర్ట్ బెల్ ఎంత ప్రయత్నించినా అతను దక్కలేదు. డబ్బున్న జట్లు మంచి ఆటగాళ్లను ఎగరేసుకుపోతుంటే తన జట్టు ఎప్పటికీ కిందే ఉండిపోతుందని బెల్ వాదించాడు. అందులో నిజం ఉంది. దాంతోపాటు జీతాలు పెరగకుండా పట్టి ఉంచడం యజమానులందరికీ లాభమే. అందుకే ఒప్పుకున్నారు. 1936 ఫిబ్రవరి 8న ఫిలడెల్ఫియాలోని రిట్జ్ కార్ల్‌టన్ హోటల్‌లో ఒక బోర్డు మీద సుమారు 90 పేర్లు రాసి, తొమ్మిది జట్లు 81 మందిని ఎంచుకున్నాయి. మొదటి పేరు షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన జే బర్వాంగర్. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే, ఇప్పుడు హైస్‌మన్ ట్రోఫీ అంటున్న అవార్డును తొలిసారి గెలిచింది ఇతనే. డబ్బు దగ్గర బేరం కుదరక అతను ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

అప్పటికి జట్లకు కొత్త ఆటగాళ్లను వెతికి అంచనా వేసే స్కౌట్లంటూ లేరు. పేపర్లో చదివిందీ, తెలిసిన కోచ్ చెప్పిందీ ఆధారం. న్యూయార్క్ జెయింట్స్ యజమాని కొడుకు వెల్లింగ్టన్ మారా అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రాడు. దేశం నలుమూలల నుంచి పత్రికలు తెప్పించుకుని ఆటగాళ్ల వివరాలు రాసుకునేవాడు. ఆ కాలానికి అదే గొప్ప పరిశోధన.

ఈ చరిత్రలో పైచేయి సాధించిన జట్లు చాలాసార్లు ఎక్కువ కొలిచినవి కావు, ఇతరులు చూడని చోట చూసినవి. 1934 నుంచి 1945 దాకా ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నల్లజాతి ఆటగాడు ఒక్కడు కూడా లేడు. 1946లో లాస్ ఏంజెలిస్ ర్యామ్స్ కెన్నీ వాషింగ్టన్‌ను తీసుకుని ఆ గోడ పగలగొట్టింది. ఊరూరా తిరిగి ఆటగాళ్లను చూడటమే ఉద్యోగంగా ఎడ్డీ కోటల్‌ను నియమించుకున్నదీ ఆ జట్టే. 1949లో గ్రాంబ్లింగ్ అనే నల్లజాతి కాలేజీ నుంచి ట్యాంక్ యంగర్‌ను తెచ్చుకుంది. అతన్ని డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోలేదు.

బిల్ నన్ కథ ఇంకా గొప్పది. పిట్స్‌బర్గ్ కొరియర్ అనే నల్లజాతి పత్రికలో క్రీడా విలేకరిగా ఆయన ఏళ్ల తరబడి దక్షిణాది కాలేజీల ఆటలు చూశాడు, ఆ కోచ్‌లందరితో పరిచయం పెంచుకున్నాడు. 1960ల చివర్లో పిట్స్‌బర్గ్ జట్టు స్టీలర్స్ ఆయన్ని స్కౌట్‌గా తీసుకుంది. జాన్ స్టాల్‌వర్త్ అనే రిసీవర్‌ను (విసిరిన బంతిని అందుకునే ఆటగాడిని) చూడటానికి కొన్ని జట్ల స్కౌట్లు కలిసి అలబామా ఏ అండ్ ఎం కాలేజీకి వెళ్లారు. నేల తడిగా ఉంది. అతను పరుగులో వెనకబడ్డాడు. అందరూ ఆ టైమ్ రాసుకుని తర్వాతి ఊరికి బయల్దేరారు. నన్ మాత్రం ఒంట్లో బాగోలేదని చెప్పి ఆగిపోయి, మర్నాడు పొడి నేల మీద అతన్ని మళ్లీ పరిగెత్తించాడని చెబుతారు. 1974లో నాలుగో రౌండ్‌లో స్టీలర్స్‌కు దక్కిన స్టాల్‌వర్త్ నాలుగు సూపర్‌బౌల్‌లు (లీగ్ ఫైనల్స్) గెలిచి, ఆటలోని మహామహులకు దక్కే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు. స్టాప్‌వాచ్ అందరి చేతిలోనూ ఉంది. ఆ నేల మీద ఆ టైమ్‌ను నమ్మకూడదన్న తెలివి ఒక్కరికే ఉంది. నన్‌కు హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది 2021లో, ఆయన పోయాక.

కొలతల వైపు పెద్ద అడుగు వేసింది డాలస్ కౌబాయ్స్. ఇందులో మనవాడొకడున్నాడు. 1962 ప్రాంతంలో ఆ జట్టు మేనేజర్ టెక్స్ ష్రామ్ ఐబీఎం అనుబంధ సంస్థలో పనిచేస్తున్న గణాంక నిపుణుడు సలామ్ ఖురేషీని పట్టుకున్నాడు. భారత్‌లో పుట్టి పెరిగిన ఖురేషీకి క్రికెట్ తెలుసు, అమెరికన్ ఫుట్‌బాల్ తెలియదు. ఒక స్కౌట్ "చురుకు" అంటే ఇంకొకరికి అది వేరే అర్థం. ఆ మాటల్ని అంకెల్లోకి మార్చడం ఆయన పని. వందలాది అంశాలతో మొదలుపెట్టి వ్యక్తిత్వం, చురుకుదనం, పోటీతత్వం, బుద్ధి, బలం అనే ఐదింటికి కుదించారు. అయినా అదే జట్టు తీసుకున్న కొన్ని గొప్ప నిర్ణయాలకు కంప్యూటర్ అక్కర్లేదు. స్కౌటింగ్ చూసే గిల్ బ్రాంట్ 1964 డ్రాఫ్ట్‌లో నేవీ ఉద్యోగానికి ఏళ్ల తరబడి కట్టుబడ్డ రోజర్ స్టాబాక్‌ను పదో రౌండ్‌లో, తర్వాత ఒలింపిక్స్‌లో గెలిచిన పరుగువీరుడు బాబ్ హేస్‌ను ఏడో రౌండ్‌లో ఎంచుకున్నాడు. స్టాబాక్ కోసం ఐదేళ్లు ఆగారు. ఇద్దరూ హాల్ ఆఫ్ ఫేమ్‌కు వెళ్లారు.

డ్రాఫ్ట్‌కు ముందు కాలేజీ ఆటగాళ్లందరినీ పరీక్షించే శిబిరం, ఇప్పుడు టీవీలో చూపించే కంబైన్, అసలు డాక్టర్ల కోసం వచ్చింది. ఒకే ఆటగాడిని జట్టుకొకసారి వైద్యపరీక్షలకు తిప్పే బదులు అందరినీ ఒకచోట చేర్చుదామన్న ఆలోచనతో 1982లో ట్యాంపాలో మొదలైంది. 1987 నుంచి ఇండియానాపోలిస్‌లో జరుగుతోంది. నలభై గజాల పరుగు, 225 పౌండ్ల బెంచ్‌ప్రెస్ లాంటివే క్రమంగా పెద్ద వార్తలయ్యాయి. అన్ని జట్లకూ ఒకే అంకెలు అందాక, ఆ అంకెలకే తయారయ్యే ఆటగాళ్లు వచ్చారు. 1995లో బాస్టన్ కాలేజీ ఆటగాడు మైక్ మముల ఆ పరీక్షలనే ప్రత్యేకంగా సాధన చేసి అదరగొట్టాడు. అతని కోసం ఈగిల్స్ అదనపు పిక్‌లు (ఎంపిక వంతులు) ఇచ్చి మరీ 12 నుంచి 7వ స్థానానికి ఎక్కింది. మముల తీసిపారేయాల్సిన ఆటగాడేమీ కాదు. కానీ అవతల ట్యాంపా జట్టు అదే డ్రాఫ్ట్‌లో 12వ స్థానంలో వారెన్ శాప్‌ను, 28వ స్థానంలో డెరిక్ బ్రూక్స్‌ను తీసుకుంది. ఇద్దరూ హాల్ ఆఫ్ ఫేమ్ ఆటగాళ్లే. ఐదేళ్ల తర్వాత 5.28 సెకన్లలో నలభై గజాలు ఈడ్చుకుంటూ పరిగెత్తిన, తర్వాత ఏడు సూపర్‌బౌల్‌లు గెలిచిన టామ్ బ్రేడీ 199వ స్థానం దాకా ఎదురుచూశాడు.

కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ అనే పరిశోధకులు ఈ లెక్కలు తీశారు. ఒకే పొజిషన్‌లో వరుసగా ఎంపికైన ఇద్దరిలో ముందు ఎంపికైనవాడే మెరుగ్గా రాణించే అవకాశం దాదాపు 52 శాతం. అంటే బొమ్మా బొరుసా వేసినట్టే. అయినా మొదటి పిక్‌ల కోసం జట్లు ఇప్పటికీ భారీ మూల్యం చెల్లిస్తున్నాయి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది అంకెల పేరుతో దాక్కున్న పాత పక్షపాతం. 1978లో నల్లజాతి ఆటగాడు వారెన్ మూన్‌ను క్వార్టర్‌బ్యాక్‌గా (బంతి విసిరి జట్టును నడిపించే ఆటగాడిగా) ఏ జట్టూ ఎంచుకోలేదు. కెనడా వెళ్లి నిరూపించుకుని తిరిగి వచ్చాడు. నలభై ఏళ్ల తర్వాత మరో నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్‌నూ రిసీవర్‌గా మారమన్నారు. అతను ఒప్పుకోలేదు. 32వ స్థానంలో బాల్టిమోర్ జట్టు తీసుకుంది. రెండో సీజన్‌లోనే లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు.

2022లో కంబైన్ నుంచి వండర్‌లిక్ అనే 12 నిమిషాల బుద్ధి పరీక్షను తీసేశారు. ఇంటర్వ్యూల్లో అవమానకరమైన ప్రశ్నలు అడిగే జట్లకు జరిమానా, డ్రాఫ్ట్ పిక్ కోత ఉంటాయని లీగ్ హెచ్చరించింది. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో అందరికంటే చివరన, 262వ పేరుగా, శాన్ ఫ్రాన్సిస్కో జట్టు క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ పర్డీని తీసుకుంది. ఎత్తు తక్కువ, చేతిలో బలం తక్కువ అన్నారు. ఐయోవా స్టేట్ తరఫున నాలుగేళ్ల పాటు అతను ఆడిన మ్యాచ్‌ల వీడియోలు 32 జట్ల దగ్గరా ఉన్నాయి. 2024 ఫిబ్రవరిలో అతను సూపర్‌బౌల్‌లో జట్టును నడిపించాడు.